కూతురింట్లో అన్నం: గౌహతి నుంచి సోహ్రా దాకా

మా అత్తయ్యకి మా ఆవిడ ఒక్కతే సంతానం. మావయ్య పోయాక నరసరావుపేటలో అంత పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, హైదరాబాద్ వచ్చేయమని ఎంత మొత్తుకున్నా రాదు. వచ్చినా వారం, మహా అయితే పది రోజులు, ఆ తర్వాత సంచి సర్దేస్తుంది, వెళ్ళేటప్పుడు ఫ్రిజ్ మీద గుడ్డ కింద ఐదొందల నోట్లు పెట్టి మరీ వెళ్తుంది, అంటే తిన్నదానికన్నమాట. ఆడపిల్ల ఇంట్లో ఎన్నాళ్ళని తింటారు అనేది ఆవిడ దగ్గర వాదనకి తావులేని మాట. పైగా మా అమ్మ కూడా మా దగ్గరే ఉంటుంది, కాబట్టి వియ్యపురాలి ముందు లోకువైపోతానన్న భయం ఒకటి.

అలాంటావిడ ఇంత దూరం రావడానికి ఒప్పుకుందంటే గౌహతిలోని కామాఖ్య అమ్మవారి కోసం. అష్టాదశ శక్తిపీఠాల్లో మనవైపు ఉన్న అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం నాలుగూ చూసేసింది, రోజూ చదువుకునే శ్లోకంలో ఉన్న కామరూపం, అంటే ఈ కామాఖ్యే, అది మాత్రం మిగిలిపోయింది. మేఘాలయ మా ఆవిడ కలిపింది, టికెట్లు బుక్కయ్యేదాకా వాళ్ళమ్మకి చెప్పకుండా.

మొదటి రోజు, గురువారం: గౌహతి

నీలాచలం కొండ మీద క్యూలో నిలబడేసరికి ఎండ బాగా ఎక్కింది. ఇప్పుడున్న గుడి 1565లో కోచ్ రాజు నరనారాయణుడు మళ్ళీ కట్టించింది, అమ్మవారు మాత్రం అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్నదే. లోపల మెట్లు కిందకి దిగాలి, చీకటి, నూనె దీపాలు, కాళ్ళ కింద తడి. చివర్లో విగ్రహమేమీ ఉండదు, ఒక రాతి చీలిక, దాంట్లోంచి ఊరే నీళ్ళు, వంగి చేత్తో తాకి ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని వెనక్కి తిరగడమే. బయటికొచ్చాక అత్తయ్య మెల్లగా అడిగింది, "అమ్మవారు ఎక్కడ బాబూ? నేను చూసుకోలేదా?" అని. చూశారు, తాకారు కూడా అని చెప్పాను. ఆవిడ తన చెయ్యి వంక చూసుకుంది.

మమ్మల్ని తీసుకెళ్ళిన పండా, అంటే అక్కడి పూజారి, అంబుబాచి గురించి చెప్పాడు. ఆషాఢంలో అమ్మవారికి బహిష్టు, మూడు రోజులు గుడి మూసేస్తారు, తలుపులు తీసిన రోజు లక్షల్లో జనం వస్తారు, ఎర్రగుడ్డ ముక్క ప్రసాదంగా తీసుకెళ్తారు. మా ఆవిడ దీన్ని ఎంత ఉత్సాహంగా తెలుగులోకి మార్చి చెప్పిందో చూడాలి, చిన్నప్పుడు ఆ మూడు రోజులూ వరండాలో చాప మీద పడుకోబెట్టిన అక్కసు అంతా అందులో ఉంది. అత్తయ్య ఏమాత్రం తొణకలేదు. "చూశావా, అమ్మవారికే మూడు రోజులు తలుపులు మూస్తారు, నేను చెప్పిందీ అదేగా." మా ఆవిడకి రెండు క్షణాలు మాట రాలేదు. తర్వాత అంది, "మరి ఆ గుడ్డ దేవుడి గూట్లో పెట్టుకుంటారటమ్మా, నువ్వేమో నన్ను ఆవకాయ జాడీ వైపు కూడా చూడనిచ్చేదానివి కాదు." దానికి అత్తయ్య జవాబు చెప్పలేదు, ప్రసాదం కొట్టు ఎక్కడుందని అడిగింది.

ఇంకో సంగతి ఉంది. అక్కడ మేకపోతుల్ని బలిస్తారు, పోతుల్నే, ఆడమేకని తాకరు. ఆ పండా జంధ్యం వేసుకున్న మనిషి, మాటల్లో వాళ్ళింట్లో మధ్యాహ్నం చేపల కూర అన్నాడు. అస్సామీ బ్రాహ్మలు చేపలూ మాంసమూ తినడం అక్కడ మామూలే. దక్షిణ ఇవ్వబోతున్న అత్తయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ ఇచ్చేసింది, ఆ తర్వాత కారు ఎక్కేదాకా "చేపలు తినేవాడు మంత్రం అంత స్పష్టంగా చదివాడేమిటే" అని మా ఆవిడతో గొణుగుతూనే ఉంది.

రెండో రోజు, శుక్రవారం: షిల్లాంగ్

గౌహతి నుంచి షిల్లాంగ్ వంద కిలోమీటర్లు. జోరాబాట్ దగ్గర కొంత దూరం రోడ్డుకి ఒక పక్క అస్సాం, ఇంకో పక్క మేఘాలయ, మందు షాపులన్నీ మేఘాలయ పక్కనే, రేటు తక్కువంట. ఉమియం లేక్ దగ్గర ఆగి ఫొటోలు, టీ, అదంతా మామూలే.

షిల్లాంగ్‌లో సాయంత్రం నాలుగున్నర దాటేసరికి చీకటి పడిపోయింది. దేశమంతా ఒకటే గడియారం కదా, ఇక్కడ పొద్దు తొందరగా పొడిచి తొందరగా గుంకుతుంది. అస్సాం టీ తోటల్లో ఇప్పటికీ గంట ముందుకు జరిపిన 'బగాన్ టైమ్' నడుస్తుందని డ్రైవర్ చెప్పాడు. సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తేలక అత్తయ్య ఫోన్లో టైమూ కిటికీలో ఆకాశమూ మార్చి మార్చి చూసి చివరికి ఆకాశం మాటే విన్నది.

దానికి ముందు మధ్యాహ్నం బడా బజార్, అక్కడి ఖాసీ తెగవాళ్ళ భాషలో ఇయెవ్‌దుహ్. కొండవాలు మీద సందులు సందులుగా కిందకి దిగిపోయే పెద్ద సంత, అమ్మేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. గళ్ళ గుడ్డ భుజం మీద ముడి వేసుకుని, నోట్లో వక్క నములుతూ, నోట్ల కట్ట లెక్కపెడుతూ కూర్చున్నారు, మగవాళ్ళేమో నుదుటికి పట్టీ కట్టుకుని వీపున బుట్టలు మోస్తూ పక్కకి జరగమని అరుస్తూ పోతున్నారు. కొట్లో ఉన్న ఏ ఆవిడనైనా 'కాంగ్' అనాలి, అంటే అక్క. మాంసం వరస తప్పించుకుని తమలపాకుల వరసలోకి వెళ్ళాక అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది, భాష రాకపోయినా చేతి వేళ్ళతోనే బేరం ఆడేసింది.

అక్కడే తెలిసిన విషయం, ఖాసీల పాత లెక్కలో వారానికి ఎనిమిది రోజులు. ఒక్కో రోజుకి ఒక్కో చోట సంత, ఆ సంతల పేర్లే రోజుల పేర్లు, ఇయెవ్‌దుహ్ అందులో ఒకటి. చర్చికీ ఆఫీసుకీ మామూలు ఏడు రోజుల వారం, పాత సంతలకి మాత్రం ఇప్పటికీ ఆ ఎనిమిది రోజుల చుట్టే. అందుకే ఫలానా సంత ఎప్పుడంటే మన క్యాలెండర్‌లో రోజు చెప్పలేరు. అత్తయ్య శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, ఏళ్ళ తరబడి. కాసేపు ఆలోచించి "మరి వీళ్ళకి శనివారం ఎలా వస్తుందే?" అంది. అదొక ఏర్పాటేనమ్మా, ఎనిమిదంటే ఎనిమిది, ఏడంటే ఏడు అని మా ఆవిడ అంటే, "శనిగ్రహం ఏర్పాటు ఎలా అవుతుంది" అని కొట్టిపారేసింది. మర్నాడు ఒక్కపొద్దు మాత్రం ఉంది.

మూడో రోజు, శనివారం: మౌఫ్లాంగ్

షిల్లాంగ్ నుంచి పాతిక కిలోమీటర్లు. చుట్టూ బోడి గడ్డి మైదానం, మధ్యలో ఉన్నట్టుండి చిక్కటి అడవి, గీత గీసినట్టు. దేవుడి అడవి, అందులోంచి ఎండుటాకు కూడా బయటికి తీసుకెళ్ళకూడదు. ఊరి కుర్రాడే గైడ్. అత్తయ్య అలవాటుగా ఒక చిన్న పువ్వు వైపు చెయ్యి చాపింది, పొద్దున్నే పక్కింటి గోడ మీంచి కోసే చెయ్యి కదా. గైడ్ గట్టిగా కేకేశాడు. దేవుడికే కదా అని చెప్పమంది మా ఆవిడతో. వాడన్నాడు, "ఇప్పుడు దేవుడి దగ్గరే ఉంది కదా ఆంటీ." సాయంత్రానికి సోహ్రా, అంటే మనం పుస్తకాల్లో చదివిన చిరపుంజి, ఒక ఇంటి మేడ మీద గది తీసుకున్నాం.

నాలుగో రోజు, ఆదివారం: సోహ్రా

ఆదివారం ఊరంతా బంద్, అందరూ చర్చికి. మేఘాలయలో నూటికి డెబ్భై నాలుగు మందికి పైగా క్రైస్తవులే (2011 లెక్క). వేల్స్ నుంచి థామస్ జోన్స్ అనే మిషనరీ 1841లో ఈ సోహ్రాకే వచ్చి ఖాసీ భాషని రోమన్ లిపిలో రాయడం మొదలుపెట్టాడు. మతం మారింది, లిపి వచ్చింది, కానీ పిల్లలకి తల్లి వంశం పేరే పెట్టుకోవడం మాత్రం పోలేదు. ఇది ముందే చదువుకుని వెళ్ళాను గానీ చదవడం వేరు, ఆ వంటింట్లో కూర్చోవడం వేరు.

1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా ఇక్కడ కురిసిన వాన 26,461 మిల్లీమీటర్లు, ఏడాది వానలో అది ఇప్పటికీ రికార్డే. మేం వెళ్ళింది కార్తీకం అయిపోయాక, మబ్బు తునక లేదు, పైగా ఊళ్ళో నీళ్ళ కరువు, పిల్లలు క్యాన్లు పట్టుకుని కుళాయి దగ్గర వరసలో ఉన్నారు. మా ఇంటి కాంగ్ స్నానానికి ఒక్క బకెట్ ఇచ్చి నవ్వింది. అత్తయ్య మడి ఆ బకెట్‌తోనే సరిపెట్టుకుంది.

పొద్దున టిఫిన్‌కి పుథారో అని బియ్యప్పిండితో వేసే తెల్లటి అట్టు ఇచ్చారు, పక్కన వాళ్ళు పెట్టుకునేది పంది కూర. అత్తయ్య వేరే పెనం ఉందా, కొత్తది, అని అడిగించింది. కాంగ్ వాళ్ళమ్మ, ముడతల మొహం, పొయ్యి పక్కనే కూర్చుని ఉన్న పెద్దావిడ, లేచి వెళ్ళి ఎక్కడ్నుంచో మట్టి మూకుడు తెచ్చి ఇచ్చింది. దాని మీద వేసిన అట్టుని అత్తయ్య మన కందిపొడి, నెయ్యితో తింది, ఆ పెద్దావిడకీ కాస్త పొడి పెట్టింది, ఆవిడకి కారం నషాళానికంటి కళ్ళనీళ్ళొచ్చినా ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాపింది.

తర్వాత వక్క. వాళ్ళు దాన్ని క్వాయ్ అంటారు, పచ్చివక్క, సున్నం రాసిన తమలపాకు. ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే, చనిపోయినవాళ్ళ గురించి కూడా దేవుడింట్లో క్వాయ్ తింటున్నాడు అంటారు. పెద్దావిడ ఒక చిన్న పళ్ళెంలో పెట్టి మొదట అత్తయ్యకే చాపింది. అత్తయ్య తీసుకోలేదు. నాకు అర్థం కాలేదు, వంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మా ఆవిడ నా చెవిలో చెప్పింది, మావయ్య పోయాక పేరంటాల్లో అమ్మకి ఎవరూ తాంబూలం చేతికివ్వట్లేదు, పక్కన పెట్టి వెళ్ళిపోతారు, పిలవడమూ మానేశారు అని. ఆ పెద్దావిడ కూడా మొగుడు పోయిన మనిషే, గోడ మీద ఆయన ఫొటో ఉంది. పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడింది. అత్తయ్య చివరికి తీసుకుంది, నోట్లో పెట్టుకున్న రెండు నిమిషాలకి చెవులు వేడెక్కి చెమటలు పట్టేశాయి, పచ్చివక్క కదా, స్వెట్టర్ తీసేసి విసనకర్ర అడిగింది, ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు.

చర్చి నుంచి కాంగ్ అన్నయ్య వచ్చాడు, భార్యా వాళ్ళూ లేకుండా. అతను ఉండేది భార్య ఇంట్లో. ఇక్కడికి రాగానే మేనకోడళ్ళ చదువుల లెక్క అడిగాడు, పెద్ద మేనల్లుడిని ఏదో విషయంలో కసిరాడు, కాంగ్ భర్త పక్కనే కూర్చుని టీ తాగుతూ ఊరుకున్నాడు. అత్తయ్య ఇదంతా చూసి ప్రశ్నలు మొదలుపెట్టింది, మా ఆవిడ తెలుగు నుంచి హిందీకి, కాంగ్ హిందీ నుంచి ఖాసీకి.

"కొడుకుండగా ఈవిడ కూతురి దగ్గరెందుకుంటుంది?"

కాంగ్‌కి ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి చెప్పాక, "ఇది అమ్మ ఇల్లే కదా, ఇంకెక్కడుంటుంది?" అంది. ఆమె ఆ ఇంట్లో ఆఖరి కూతురు, వాళ్ళ భాషలో ఖత్‌దుహ్. అమ్మానాన్నల ఇల్లు ఆఖరి కూతురికి వస్తుంది, దాంతోపాటు వాళ్ళని చివరిదాకా చూసుకోవడం, పెళ్ళి కాని అన్నదమ్ములకో భర్తని వదిలేసి వచ్చిన అక్కకో చోటివ్వడం కూడా. ఇల్లు తన పేరున ఉంది కదా అని తనిష్టానికి అమ్ముకోలేదు, మేనమామలూ అన్నదమ్ములూ ఒప్పుకోవాలి.

"మరి కూతురింట్లో తింటే ఊళ్ళోవాళ్ళు ఏమీ అనుకోరా?"

ఇది పెద్దావిడకి ఖాసీలో చెప్పారు. ఆవిడ ఏదో అంది, అన్నయ్యా కాంగూ పగలబడి నవ్వారు. తిరిగి మా దాకా వచ్చేసరికి అది, "కోడలింట్లో తింటేనే అనుకుంటారు, నా కొడుకు పెళ్ళాం వంట నేనెందుకు తినాలి, వాళ్ళమ్మ తింటుంది" అయింది.

అత్తయ్య కూడా నవ్వింది, నవ్వి ఊరుకుంటే బాగుండేది, మాటల్లో పడి "మాకూ మేనమామంటే ఎంతో గౌరవం, మా ఆయన నాకు స్వయానా మేనమామే, మా అమ్మ తమ్ముడు" అని గర్వంగా చెప్పేసింది. మా ఆవిడ నా వైపు చూసింది, చెప్పనా వద్దా అని. చెప్పింది. కాంగ్ మొదట తప్పుగా విన్నాననుకుంది. అమ్మకి సొంత తమ్ముడా? ఒకే తల్లి పిల్లలా? వేళ్ళ మీద లెక్కపెట్టింది, మీ అమ్మమ్మ, మీ అమ్మ, మీ మావయ్య, మీరు, అందరిదీ ఒకటే కూర్ కదా. కూర్ అంటే తల్లి వైపు నుంచి వచ్చే వంశం. ఒకే కూర్‌లో పెళ్ళి వాళ్ళకి అన్నిటికంటే ఘోరమైన తప్పు, అలాంటివాళ్ళ మీద పిడుగు పడుతుందని పెద్దవాళ్ళు అంటారట. వాళ్ళన్నయ్య మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

అత్తయ్య మొహం ఎర్రబడింది. "ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, తప్పెలా అవుతుంది? పెద్దవాళ్ళే చేశారు." ఆ మాటకొస్తే ఉత్తరాది వాళ్ళూ మన మేనరికాలు వింటే ఇలాగే నోరెళ్ళబెడతారు, 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం కూడా మేనమామతో పెళ్ళి చెల్లదు, ఆచారం ఉన్నచోట తప్ప అని మినహాయింపు రాసుకున్నారు కాబట్టి మనకి నడుస్తోంది. ఇంట్లో డజను మేనరికాలున్న నాకు ఎప్పుడూ ఇది వింతగా అనిపించలేదు, ఆ వంటింట్లో కాంగ్ వేళ్ళు లెక్కపెడుతుంటే మాత్రం ఒక్క నిమిషం ఆమె కళ్ళతో కనపడింది, అబ్బో అనిపించింది, మళ్ళీ మామూలైపోయింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అత్తయ్యే మెల్లగా అంది, "నన్ను పరాయింటికి పంపడం ఇష్టం లేక మా అమ్మమ్మే అడిగి చేసుకుంది. నాకు అత్తగారంటే అమ్మమ్మే. ఆ ఇంట్లోనే పుట్టాను, ఆ ఇంటికే కాపురానికెళ్ళాను." ఇది ఖాసీలో విన్నాక పెద్దావిడ తల ఊపింది, ఇది మాత్రం ఆవిడకి బాగా అర్థమైంది. ఇంకో వక్క చాపింది. ఈసారి అత్తయ్య వద్దంది, చెమటకి భయపడి.

ఐదో రోజు, సోమవారం: రివాయ్

మా ఆవిడ ఆ రాత్రంతా మేఘాలయని స్వర్గం చేసేసింది, ఇక్కడే పుట్టాల్సింది అని. పొద్దున్న డ్రైవర్ ఆ గాలి తీసేశాడు. అతనూ ఒక ఖత్‌దుహ్ మొగుడే, భార్య ఇంట్లోనే ఉంటాడు, మన లెక్కలో ఇల్లరికం. నా పిల్లలకి నా పేరు రాదు, ఆ ఇంట్లో మా బావమరిది మాటే చెల్లుతుంది, అదే మా చెల్లెలింటికెళ్తే నా మాట చెల్లుతుంది అన్నాడు. మగవాళ్ళకీ వంశం పేరూ ఆస్తీ కావాలని 1990లో షిల్లాంగ్‌లో సింగ్‌ఖాంగ్ రింపెయ్ థిమ్మాయ్ అనే సంఘం కూడా పెట్టారట. నువ్వు అందులో చేరావా అంటే "నాకు టైమ్ ఎక్కడిది" అన్నాడు.

సరే, పెత్తనమంతా ఆడవాళ్ళదే అన్నమాట అని మా ఆవిడ అంటే కాదట. ఊరి పంచాయితీని దర్బార్ అంటారు, పాత పద్ధతిలో అందులో ఆడవాళ్ళకి చోటు లేదు, కోడిపెట్ట కూస్తే లోకం మునుగుతుందని సామెత కూడా ఉందట. 2023లో అరవై మంది అసెంబ్లీకి గెలిచిన ఆడవాళ్ళు ముగ్గురే. ఇల్లు ఆడవాళ్ళది, మాట మగవాళ్ళది, అదీ సొంత ఇంట్లో కాదు, అక్కచెల్లెళ్ళ ఇంట్లో. మా ఆవిడ కిటికీ అద్దం దించుకుని బయటికి చూస్తూ కూర్చుంది. వెనక సీట్లో అత్తయ్య మాత్రం హుషారుగా "ఎక్కడైనా అంతేనే" అంది. అలా అనేసుకోవడం కూడా నాకు నచ్చలేదు, ఎక్కడైనా అంతే అయితే ఆ పెద్దావిడ పొయ్యి పక్కన అంత ధీమాగా ఎలా కూర్చుంది?

రివాయ్ దగ్గర వేళ్ళ వంతెన చూశాం. మర్రి జాతి రబ్బరు చెట్టు, దాని ఊడల్ని వాగు అవతలికి వెదురు మీదుగానో బోలు చేసిన పోకమాను లోపలి నుంచో పాకిస్తారు, అవి అవతల నేలలో నాటుకుని లావెక్కి మనిషి బరువు మొయ్యడానికి పదిహేను ఇరవై ఏళ్ళు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే పడుతుంది. మొదలుపెట్టినవాడు చాలాసార్లు దాని మీద నడవడు. చెయ్యి వేసి చూస్తే కొన్ని వేళ్ళు ఇంకా సన్నగా, పచ్చిగా, ఈ మధ్యే అల్లినట్టున్నాయి, అంటే పని ఇంకా నడుస్తూనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆస్తుల మాట మళ్ళీ వచ్చింది. 1985లో ఎన్టీఆర్ ఆడపిల్లలకి పుట్టింటి ఆస్తిలో సమాన హక్కు చట్టం తెచ్చాడు గానీ అప్పటికే పెళ్ళైపోయినవాళ్ళకి అది వర్తించలేదు, అత్తయ్యకి అప్పటికి పెళ్ళయింది. 2005లో కేంద్ర చట్టం మారి ఆ అడ్డం పోయింది, కానీ అప్పటికే అత్తయ్య అన్నయ్యలకి సంతకం పెట్టేసి పసుపు కుంకుమల కింద పట్టుచీర తీసుకుంది. ఎందుకు పెట్టావమ్మా అంటే, "రేపు ఎప్పుడైనా పుట్టింటికెళ్తే కాఫీ ఇచ్చేవాళ్ళుండాలి కదే" అంది. ఎప్పుడెళ్ళావు మరి అని మా ఆవిడ అడగబోతే నేను మోకాలితో పొడిచాను.

ఆరో రోజు, మంగళవారం: తిరుగు ప్రయాణం

ఎయిర్‌పోర్టులో బోర్డింగ్‌కి ఇంకా టైముంది. అత్తయ్య కామాఖ్య ప్రసాదం రెండు పొట్లాలుగా విడదీస్తోంది, పెద్దది వియ్యపురాలికట. ఉన్నట్టుండి నాతో, "బాబూ, సంక్రాంతి వెళ్ళాక ఓ నెల రోజులొచ్చి ఉంటాను. నెల తర్వాత సంగతి నెల తర్వాత. పాల బిల్లూ కూరగాయలూ మాత్రం నావే, ఒప్పుకుంటేనే" అంది. మా ఆవిడ ఏదో అనబోయింది, నేను ఒప్పేసుకున్నాను. ముందు మీ అమ్మగారిని అడగండి అని పట్టుపడితే అక్కడ్నుంచే ఫోన్ చేశాను, స్పీకర్‌లో పెట్టకుండా, ఎందుకైనా మంచిదని.

మా అమ్మ అంతా విని, "రమ్మను, నాకూ తోడుంటుంది. కానీ ఆవిడ మడి నా వల్ల కాదు, ఇప్పుడే చెప్తున్నా. పొద్దున వంట ఆవిడది, రాత్రి వంట నాది, ఉల్లిపాయ వేస్తాను" అంది.

అత్తయ్యకి చెప్పాను. "రాత్రిళ్ళు నేనెలాగూ పలహారమే కదా" అని పొట్లాలు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటూ, "ఆ ఉల్లిపాయ గిన్నెలు మాత్రం వేరే తోమించమను" అంది.